వెళ్లిపోనున్న కోచ్ మీద కోపం: అభిమాని చివరి నెలలను ఎలా గడపాలి

ఫుట్‌బాల్ మ్యాచ్‌కు సుమారు గంట ముందు తుది జట్టు జాబితా వెలువడుతుంది. అందులో నెల రోజులుగా గాడి తప్పిన ఆటగాడి పేరు మళ్లీ ఉంటుంది, బాగా ఆడిన కుర్రవాడు మళ్లీ బెంచ్ మీదే ఉంటాడు. ఆ జాబితా రాసిన కోచ్ సీజన్ ముగిశాక ఉండడని అందరికీ తెలుసు. ఆయన ఉండబోతున్నాడంటే ఏదో ఒకనాడు మారుతుందన్న ఆశైనా ఉంటుంది, ఆయన ఈపాటికే వెళ్లిపోయి ఉంటే కొత్త మనిషి మీద ఆశ పెట్టుకోవచ్చు. ఈ రెండూ లేని నెలల్లో అభిమాని పడే చికాకు ఓటమి వల్ల కలిగే బాధ కంటే వేరైనది, ఎక్కువ కాలం నిలిచేది. ఆ కోపం తప్పని నేను అనను. అయితే వెళ్లేవాడు ఎలాగూ వెళ్తున్నాడు కాబట్టి మన కోపం ఆయన విషయంలో మార్చగలిగేది చాలా తక్కువ. మిగిలిన మ్యాచ్‌ల పాయింట్లు, తర్వాతి కోచ్‌ను ఎంచుకునే వారి నిర్ణయం అనే రెండు విషయాలు మాత్రం ఇంకా తేలలేదు. మన శ్రద్ధను ఆ రెండింటి వైపు ఎలా మళ్లించాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆ నిష్క్రమణ ఏ రకమైనదో తేల్చుకోండి

"కోచ్ వెళ్లిపోతున్నాడు" అన్న ఒక్క మాట వెనుక చాలా వేర్వేరు పరిస్థితులు ఉంటాయి. ఆయనే స్వయంగా ప్రకటించి ఉండవచ్చు, ఒప్పందం పొడిగించబోమని క్లబ్ చెప్పి ఉండవచ్చు, వారసుడి పేరు కూడా ఖరారై ఉండవచ్చు, ఆయన మరో క్లబ్‌తో సంతకం చేసి ఉండవచ్చు, లేదా ఇదంతా వట్టి ప్రచారమే కావచ్చు. వీటిలో ఏది నిజమో తెలియకుండా ఆగ్రహించడం వల్ల ప్రయోజనం ఉండదు.

ప్రచారం మాత్రమే అయితే మూడు విషయాలు చూడండి. ఒప్పందం ఏ సంవత్సరం వరకు ఉంది? క్లబ్ తన పేరుతో ఏదైనా ప్రకటన ఇచ్చిందా? ప్రెస్ మీట్‌లో వచ్చే సీజన్ గురించి అడిగినప్పుడు కోచ్ "మేము" అంటున్నాడా, "క్లబ్" అంటున్నాడా? మూడోది చిన్న విషయంగా కనిపించినా, కొన్ని వారాలు వరుసగా వింటే చాలా చెబుతుంది.

ప్రకటన వెలువడినంత మాత్రాన అంతా తేలిపోయిందని కూడా అనుకోవద్దు. బార్సిలోనా కోచ్ చావి 2024 జనవరి 27న, విల్లారియల్ చేతిలో 3-5తో ఓడిన రాత్రి, సీజన్ చివర్లో వెళ్లిపోతానని చెప్పాడు. ఏప్రిల్‌లో ఉండిపోతానన్నాడు. మే 24న క్లబ్ ఆయనకు ఉద్వాసన పలికింది. అలెక్స్ ఫెర్గూసన్ 2001-02 సీజనే తనకు చివరిదని ముందే చెప్పి, 2002 ఫిబ్రవరిలో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుని, ఆ తర్వాత పదకొండేళ్లు మాంచెస్టర్ యునైటెడ్‌లోనే కొనసాగాడు. కాబట్టి వీడ్కోలు బ్యానర్ గానీ, "పీడ వదిలింది" అన్న బ్యానర్ గానీ ముందే కుట్టించుకోకపోవడం మంచిది.

మరో క్లబ్‌కు వెళ్తున్న కోచ్ విషయంలోనే అభిమానుల మనసు అన్నిటికంటే ఎక్కువగా గాయపడుతుంది. 2021 ఫిబ్రవరిలో బొరుస్సియా మోంచెన్‌గ్లాడ్‌బాఖ్ కోచ్ మార్కో రోజ్ వేసవిలో అదే జర్మన్ లీగ్‌లోని డోర్ట్‌మండ్‌ క్లబ్‌కు వెళ్తాడని ప్రకటించారు. ఆ తర్వాత గ్లాడ్‌బాఖ్ వరుసగా ఓడుతూ వచ్చింది. మార్చి 2న జర్మన్ కప్ క్వార్టర్ ఫైనల్‌లో ప్రత్యర్థి ఎవరో కాదు, డోర్ట్‌మండే. తమ కోచ్‌ను త్వరలో తీసుకుపోబోయే క్లబ్ చేతిలోనే తమ జట్టు 0-1తో ఓడిపోవడం చూసిన ఆ అభిమానుల స్థానంలో ఒక్క నిమిషం నిలబడి ఆలోచించండి. జట్టు ఎనిమిదో స్థానంతో సీజన్ ముగించి, యూరప్ పోటీలకు దూరమైంది. ఇలాంటి పరిస్థితిలో నమ్మకద్రోహమన్న భావన కలగడం సహజం. అయితే అక్కడ కూడా అడగవలసిన అసలు ప్రశ్న కోచ్‌ను కాదు, క్లబ్‌నే అడగాలి: ఆయన ఒప్పందంలో నిర్ణీత మొత్తం చెల్లించి ఎవరైనా తీసుకుపోగల నిబంధన పెట్టడానికి ఎందుకు ఒప్పుకున్నారు?

వెళ్లేవాడు ఎలాగూ చెడగొడతాడన్న నమ్మకాన్ని పక్కన పెట్టండి

ఫెర్గూసన్ తనకు చివరిదని ముందే చెప్పిన 2001-02 సీజన్‌లో యునైటెడ్ మూడో స్థానంలో నిలిచింది. ఇంగ్లండ్‌లో అత్యున్నత స్థాయి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ మొదలైన 1992 నుంచి ఆ జట్టు మొదటి రెండు స్థానాల కిందికి దిగడం అదే తొలిసారి. ముందుగా చెప్పడం పొరపాటని ఆ తర్వాత ఆయనే అంగీకరించాడు. 2013లో నిజంగా రిటైరైనప్పుడు లీగ్ టైటిల్ చేతికందాకే, మే నెలలో ఆ మాట బయటపెట్టాడు.

ఇదే నియమమని తీర్మానించే ముందు బయర్న్ మ్యూనిక్ ఉదంతం చూడాలి. 2013 జనవరిలో ఆ క్లబ్ వచ్చే సీజన్‌కు పెప్ గార్డియోలాను కోచ్‌గా ప్రకటించింది. అప్పటి కోచ్ యూప్ హైంకెస్ వెళ్లిపోతున్నాడని, ఎవరు వస్తున్నారో కూడా, ఆటగాళ్లందరికీ తెలుసు. ఆ జట్టే ఏప్రిల్‌లో లీగ్, మే 25న వెంబ్లీలో ఛాంపియన్స్ లీగ్, జూన్ 1న జర్మన్ కప్ గెలుచుకుంది. యూర్గన్ క్లాప్ 2024 జనవరి 26న తన నిష్క్రమణను ప్రకటించిన నెల రోజులకు లివర్‌పూల్ లీగ్ కప్ గెలిచింది. అదనపు సమయం వరకు సాగిన ఆ ఫైనల్‌లో ఆయన నమ్ముకున్నది అకాడమీ కుర్రవాళ్లను.

తేడా ఎక్కడుందంటే, నా అభిప్రాయంలో, ఆటగాళ్లకు ఆడడానికి కోచ్‌తో సంబంధం లేని కారణం మిగిలి ఉందా లేదా అన్నదానిలోనే ఉంది. అందుకోవడానికి ట్రోఫీ ఉన్న జట్టు, వచ్చే కోచ్ తమను చూస్తున్నాడని తెలిసిన జట్టు గట్టిగానే ఆడుతుంది. పట్టిక మధ్యలో చిక్కుకుని, ఎవరు వస్తారో తెలియక, సగం మంది ఒప్పందాలు ముగియబోతున్న జట్టు సడలిపోతుంది. వారసుడి ప్రకటనను ఆలస్యం చేయడం క్లబ్ నిర్ణయం. ఆ సడలింపులో ఎంత భాగం కోచ్‌దో, ఎంత భాగం క్లబ్‌దో విడదీసి చూడవలసింది అందుకే.

చూసే పద్ధతి మార్చుకోండి

కోపంతో చూసిన మ్యాచ్‌లో మనకు కనిపించేవి మనం ముందే నమ్మినవే. దీనికి నాకు తెలిసిన మందు ఒక చిన్న నోటు పుస్తకం. పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు కోచ్ చేతిలో ఉన్నవి రాయాలి: తుది జట్టు, ఆటగాళ్ల స్థానాలు, ప్రత్యర్థి బంతిని వెనుక నుంచి తీసుకువచ్చేటప్పుడు మనవాళ్లు ఎక్కడ అడ్డుకుంటున్నారు, కార్నర్ కిక్‌లు, ఫ్రీ కిక్‌ల ఏర్పాటు, సబ్‌స్టిట్యూషన్ల సమయం. కుడివైపు ఆయన చేతిలో లేనివి రాయాలి: గాయాలు, పోస్టుకు తగిలి బయటికి పోయిన షాట్, గోల్‌కీపర్ చేజార్చిన బంతి, రెఫరీ తీర్పు.

ఉదాహరణకు ఒక పేజీ ఇలా ఉండవచ్చు. "31వ నిమిషం: ఎడమ బ్యాక్ హాఫ్‌లైన్ దాటి ముందుకు వెళ్లాడు, వెనుక ఖాళీ, ఆ వైపు మిడ్‌ఫీల్డర్ కిందికి రాలేదు. 38: అదే ఖాళీలోకి పొడవైన పాస్, ప్రత్యర్థి షాట్ బయటికి. 52: మళ్లీ అక్కడే, ఈసారి గోల్. 71: మొదటి సబ్‌స్టిట్యూషన్, స్ట్రైకర్ బదులు స్ట్రైకర్." ఈ నాలుగు వాక్యాలు కోచ్ మీద చేయగలిగిన అత్యంత న్యాయమైన విమర్శ. 31వ నిమిషంలోనే కనిపించిన లోపాన్ని హాఫ్‌టైమ్‌లో సరిదిద్దలేదు, గోల్ పడ్డాక కూడా దాదాపు ఇరవై నిమిషాలు చూస్తూ ఊరుకున్నాడు, చివరికి మార్చింది సమస్య లేని చోట. "వీడికి ఆట తెలియదు" అన్న కేకను ఎవరైనా కొట్టిపారేయగలరు, ఈ పేజీని కొట్టిపారేయలేరు. ఇప్పుడు నిబంధనల ప్రకారం ఐదు మార్పులు చేసుకోవచ్చు, ఆట సాగుతుండగా అందుకు మూడు సందర్భాలు ఉంటాయి, హాఫ్‌టైమ్ లెక్కలోకి రాదు. ఎన్నింటిని, ఎప్పుడు, దేనికోసం వాడుకున్నాడో అయిదారు మ్యాచ్‌లు వరుసగా రాస్తే ఆయన ఆలోచన తీరు బయటపడుతుంది.

స్కోరుతో పాటు ఎక్స్‌జీ అంకెను కూడా పుస్తకంలో రాసుకోండి. ఒక్కో షాట్ కొట్టిన చోటు, కోణం వంటివాటిని బట్టి అది గోల్ అయ్యే అవకాశాన్ని 0 నుంచి 1 మధ్య లెక్కగట్టి మొత్తం కూడితే వచ్చేది అది. పెనాల్టీకి ఆ విలువ 0.76 నుంచి 0.79 మధ్య ఉంటుంది. ఒక్క మ్యాచ్‌లో దానికి పెద్ద అర్థం లేదు. పది మ్యాచ్‌లలో జట్టు సృష్టించుకున్న అవకాశాలు ప్రత్యర్థుల అవకాశాల కంటే ఎక్కువగా ఉండి కూడా ఫలితాలు రాకపోతే, అది గోల్ ముందు తడబాటు కావచ్చు, దురదృష్టం కావచ్చు. పది మ్యాచ్‌లలోనూ అవకాశాలే తక్కువగా ఉంటే, అప్పుడప్పుడు దక్కిన విజయాలు కూడా ఆ కోచ్‌ను సమర్థించవు.

ఇక అభిమానులను అన్నిటికంటే ఎక్కువగా కలచివేసే విషయానికి వస్తాను. వెళ్లిపోయే కోచ్‌కు వచ్చే సీజన్‌తో పని లేదు. రేపటి మ్యాచ్ గెలిస్తే తన తర్వాతి ఉద్యోగానికి పనికివస్తుంది, 18 ఏళ్ల కుర్రవాడికి ఇచ్చిన ఐదు వందల నిమిషాల ఫలం మాత్రం తన వారసుడికి దక్కుతుంది. అందువల్ల 34 ఏళ్ల సీనియర్‌నే మళ్లీ మళ్లీ ఆడిస్తున్నాడన్న అనుమానం మనకు కలుగుతుంది. ఈ అనుమానం చాలాసార్లు నిజమే, కానీ ఊహగా వదిలేయకుండా లెక్క తీయండి. ప్రకటనకు ముందు పది మ్యాచ్‌లలో 21 ఏళ్లలోపు ఆటగాళ్లు ఎన్ని నిమిషాలు ఆడారు, తర్వాత పది మ్యాచ్‌లలో ఎన్ని? వేసవిలో ఒప్పందం ముగిసి వెళ్లిపోయే ఆటగాళ్లు ఎన్ని నిమిషాలు ఆడారు? జట్టు ఇంకా దిగజారే ప్రమాదంలో ఉందా, లేక పట్టికలో పైకీ కిందికీ పోయే అవకాశం లేని చోట ఉందా? దిగువ లీగ్‌కు జారే ప్రమాదం ఉన్న జట్టు అనుభవజ్ఞులనే నమ్ముకోవడంలో స్వార్థం లేదు, అది క్లబ్ అవసరం. కోల్పోయేది ఏమీ లేని ఆరు మ్యాచ్‌లలోనూ కుర్రవాళ్లకు చోటు దక్కకపోతే మాత్రం మీ కోపానికి పూర్తి ఆధారం ఉన్నట్టే. ఆ ఆరు మ్యాచ్‌లు మళ్లీ రావు. కోచ్‌కు ఆ మాట ఎందుకు గట్టిగా చెప్పలేదని, క్లబ్‌లో జట్టు వ్యవహారాలు చూసే స్పోర్టింగ్ డైరెక్టర్‌ను నిలదీయడం అభిమానుల హక్కని నేను నమ్ముతాను.

నిరసన తెలపాలంటే

ముందుగా నిరసన ఎవరికో తేల్చుకోవాలి. తొలగింపు ఖాయమైన కోచ్‌ను "వెళ్లిపో" అనడం తెరిచి ఉన్న తలుపును తోయడం. ఆయనను నియమించినవారు, ఒప్పందం పొడిగించినవారు, ఇప్పుడు తర్వాతివాడిని వెతుకుతున్నవారు డైరెక్టర్ల బాక్స్‌లో కూర్చుని ఉంటారు. గ్యాలరీ కేకలన్నీ టచ్‌లైన్ మీద నిలబడ్డ ఒక్క మనిషి మీదికి వెళ్తున్నంతసేపూ వారు నిశ్చింతగా ఉంటారు.

కోరిక స్పష్టంగా ఉన్న నిరసన ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి కోచ్‌తో సంబంధం లేని ఒక సంఘటన చెబుతాను. 2016 ఫిబ్రవరి 6న లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో, వచ్చే సీజన్‌కు 77 పౌండ్ల టికెట్ ప్రకటించినందుకు నిరసనగా, సుమారు పది వేల మంది అభిమానులు సరిగ్గా 77వ నిమిషంలో లేచి బయటికి నడిచారు. నాలుగు రోజుల్లో యాజమాన్యం ఆ ధరను వెనక్కి తీసుకుంది. ఒక్క అంకె, ఒక్క కోరిక, ఒక్క నిమిషం. దానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది: వారు లేచేటప్పటికి లివర్‌పూల్ సండర్‌లాండ్‌పై 2-0తో ముందుంది, మ్యాచ్ 2-2తో ముగిసింది. కొంత ఖాళీ అయిన గ్యాలరీ ఆ రెండు గోల్స్‌కు కారణమని ఎవరూ నిరూపించలేరు, కారణం కాదని కూడా అనలేరు.

అందుకే మీ జట్టుకు పాయింట్లు ఇంకా అవసరమైన చోట నిరసనను మ్యాచ్‌కు ముందో, చివరి విజిల్ తర్వాతో పెట్టుకోవాలని నా సలహా. ఆట సాగుతుండగా సొంత ఆటగాళ్లను ఎగతాళి చేయవద్దు. 20 ఏళ్ల సెంటర్ బ్యాక్ బంతి అందుకున్న ప్రతిసారీ గ్యాలరీ గొణిగితే, అతడు ముందుకు పాస్ ఇచ్చే ధైర్యం కోల్పోయి గోల్‌కీపర్‌కే తిరిగి ఇస్తాడు, ఆ పిరికి ఆటను చూసి మనం మళ్లీ కోచ్‌నే తిడతాం. మైదానంలోకి వస్తువులు విసరడం, బాణసంచా కాల్చడం అసలే వద్దు. యూరప్ పోటీలలో అభిమానుల ప్రవర్తనకు క్లబ్‌కే జరిమానా పడుతుంది, కొన్నిసార్లు గ్యాలరీలు మూతపడతాయి. కోచ్ కుటుంబం, రూపం, జాతి, మతం గురించి ఒక్క మాట వచ్చినా ఆ నిరసన అక్కడితో ముగిసినట్టే.

బ్యానర్ రాసేటప్పుడు, పది సంవత్సరాల తర్వాత దాని ఫొటో చూసినా మీరు నిలబడగలిగే మాట రాయండి. 1989 డిసెంబరులో మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఒక అభిమాని మూడేళ్ల సాకులు చాలు, ఇక సెలవు అనే అర్థంతో ఫెర్గూసన్‌ను సాగనంపే బ్యానర్ ఎత్తాడు. ఆనాటి ఫలితాలు చూస్తే ఆయన కోపంలో అన్యాయమేమీ లేదు. ఆ రోజు క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో జట్టు ఓడింది. తర్వాతి మే నెలలో అదే క్రిస్టల్ ప్యాలెస్‌ను ఓడించి ఎఫ్‌ఏ కప్ గెలిచింది, ఫెర్గూసన్ 13 లీగ్ టైటిళ్లు గెలిచాకే వెళ్లాడు. 2017 మార్చిలో వెస్ట్ బ్రామ్ మైదానం మీద ఆర్సెనల్ కోచ్ వెంగర్ వెళ్లాలంటూ ఒక విమానం, ఆయనను గౌరవించాలంటూ మరో విమానం బ్యానర్లు కట్టుకుని తిరిగాయి. కింద జట్టు 1-3తో ఓడుతోంది. అభిమానులు రెండుగా చీలినప్పుడు యాజమాన్యానికి ఇద్దరిలో ఎవరికీ జవాబు చెప్పవలసిన అవసరం ఉండదు.

క్లబ్‌కు లేఖ రాయడం వీటన్నింటికంటే నెమ్మదైన పని, కానీ ఎక్కువ కాలం నిలిచే పని. ఒక్క పేజీ దాటవద్దు, మూడు ప్రశ్నలకు మించి అడగవద్దు. తర్వాతి కోచ్‌ను ఎంచుకునేది ఎవరు? ఆటతీరు ముందుగా నిర్ణయించుకుని కోచ్‌ను వెతుకుతున్నారా, కోచ్‌ను బట్టి ఆటతీరు మారుస్తారా? ప్రస్తుత కోచ్ నియామకంలో ఏది తప్పిందని భావిస్తున్నారు? అభిమాన సంఘం ద్వారా పంపితే జవాబు రాకుండా తప్పించుకోవడం కష్టమవుతుంది. ప్రీమియర్ లీగ్ క్లబ్‌లన్నింటికీ 2023-24 నుంచి అభిమానుల సలహా మండలి ఉండాలన్న నియమం ఉంది. జర్మనీలో చాలా క్లబ్‌లలో 50+1 నియమం వల్ల ఓట్ల ఆధిక్యం సభ్యులదే. రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలలో అధ్యక్షుడిని సభ్యులే ఎన్నుకుంటారు. అలాంటి క్లబ్ సభ్యత్వం మీకు ఉంటే, మీ ఓటు ముందు ఏ బ్యానరూ ఎక్కువ కాదు.

వచ్చేవాడి మీద అతిగా ఆశ పెట్టుకోకుండా

డచ్ లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు జరిగిన కోచ్‌ల మార్పులను ఆర్థికవేత్త బాస్ టెర్ వేల్ పరిశీలించాడు. కోచ్‌ను తొలగించాక జట్లు కోలుకున్న మాట నిజమే గాని, అలాంటి పతనమే ఎదురై కూడా కోచ్‌ను మార్చని జట్లు దాదాపు అంతే కోలుకున్నాయి. వేటు పడేది ఫలితాలు అట్టడుగున ఉన్నప్పుడు కాబట్టి, అక్కడి నుంచి పైకి రావడంలో కొంత భాగం ఎలాగూ జరిగేదే.

తాత్కాలిక కోచ్ తెచ్చే ఉత్సాహాన్ని కూడా ఇదే కంటితో చూడాలి. 2018 డిసెంబరులో తాత్కాలికంగా యునైటెడ్ పగ్గాలు చేపట్టిన ఓలే గున్నార్ సోల్‌షేర్ 19 మ్యాచ్‌లలో 14 గెలిచాడు. మార్చి 28న క్లబ్ ఆయనను శాశ్వత కోచ్‌ను చేసింది. ఆ తర్వాత ఆ సీజన్‌లో మిగిలిన పది మ్యాచ్‌లలో గెలిచినవి రెండే. వేసవి వరకు ఆగి ఉంటే ఆ నిర్ణయం మరోలా ఉండేదేమో గాని, మార్చిలో "ఇంకా ఎందుకు ఆలస్యం" అని ఒత్తిడి తెచ్చినవారిలో అభిమానులూ ఉన్నారు. మీ క్లబ్ తొందరపడుతుంటే ఆగమని చెప్పడం కూడా అభిమాని పనే.

చివరి సొంత మైదానం మ్యాచ్

ఆ రోజుకు ఏం చేయాలో ముందే నిర్ణయించుకోండి, అక్కడికి వెళ్లాక మూకుమ్మడి ఆవేశానికి వదిలేయవద్దు. చప్పట్లు కొట్టడం ఇష్టం లేకపోతే మౌనంగా నిలబడవచ్చు, లేదా ఆటగాళ్ల వందనం చూసి వెళ్లిపోవచ్చు. వాటిలో దేనికీ ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. కానీ వీలైతే ఉండండి. వెంగర్ చివరి ఏళ్లలో ఆర్సెనల్ మైదానంలో ఖాళీ సీట్లు వరుసలు వరుసలుగా కనిపించేవి. 2018 మే 6న బర్న్‌లీపై 5-0తో గెలిచిన ఆయన చివరి సొంత మైదానం మ్యాచ్‌లో మాత్రం జనం నిలబడి సాగనంపారు. 2003-04లో ఒక్క ఓటమి లేకుండా గెలిచిన లీగ్‌కు గుర్తుగా ఇచ్చిన బంగారు ట్రోఫీని క్లబ్ ఆయన చేతికే అందించింది. అక్కడ లేచి నిలబడినవారిలో ఏడాది ముందు ఆయన వెళ్లాలని కోరినవారు తప్పక ఉండి ఉంటారు. అందులో వైరుధ్యమేదీ నాకు కనిపించదు. ఆయన వెళ్లాలని కోరడం, ఆయన ఇచ్చినదానికి లేచి నిలబడడం ఒకే ప్రేమలోంచి వచ్చాయి.

మ్యాచ్ అయ్యాక నోటు పుస్తకంలో చివరి పేజీ తీసి, ఈ కోచ్ హయాంలో మెరుగుపడిన ఆటగాళ్ల పేర్లు ఒకవైపు, వెనకబడినవారి పేర్లు మరోవైపు రాయండి. ఆ పేజీ మీద తేదీ వేసి దాచి ఉంచండి. కొత్త కోచ్ పదో మ్యాచ్ ముగిసిన రాత్రి దాన్ని తీసి, కొత్త పేజీ పక్కన పెట్టి, రెండింటిలోనూ మళ్లీ మళ్లీ కనిపించే లోపాలేవో గీత గీసి గుర్తించండి. క్లబ్‌కు రాసే తర్వాతి లేఖలో మొదటి ప్రశ్న వాటి గురించే కావాలి.